మజ్జిగలా మారిన ట్రాక్టర్ ఆయిల్

1999 వానాకాలం, సార్వా వరినాట్ల రోజులు. మండపేటలో ట్రాక్టర్లకి ఆయిల్, గ్రీజు అమ్మే షాపు నాది. ఊళ్లన్నీ ఒకేసారి చేలని బురదగా దున్ని దమ్ము చేయడం మొదలుపెడతాయి కాబట్టి ఆ రోజుల్లో మాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఆ రద్దీలో వీర్రాజు గారనే రైతు వచ్చి, "నైంటీ ఆయిల్ ఇవ్వండి. బాగా చిక్కగా ఉండాలి" అన్నారు.

దేనికని అడిగాను.

"లిఫ్ట్ లేవట్లేదండీ, మూలుగుతా ఉంది. చిక్కటిది పోస్తే బలమొస్తాదంటన్నారు మావోళ్లు."

ఆయన బండి పాతకాలంది. అందులో గేర్లకీ, వెనక పనిముట్టుని పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టుకీ కలిపి ఒకటే ఆయిల్. నైంటీ లాంటి చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే లిఫ్టు పంపు దాన్ని లాగలేక అల్లాడుతుంది. మరీ పల్చటిది పోస్తే గేర్లు అరిగిపోతాయి. రెండింటికీ సరిపడేది వేరే ఉంది, దాన్ని యూటీటీఓ అంటారు. "మీరడిగింది ఛస్తే ఇవ్వను, ఇది పట్టుకెళ్లండి" అన్నాను. నాకు కాస్త నోరెక్కువ. ఆయన గొణుక్కుంటూనే పట్టుకెళ్లారు.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చారు, చేతిలో సీసాతో. అందులో ఆయిల్ తెల్లగా మజ్జిగలా ఉంది.

"ఏంటండీ ఇది? ఇదేనా మీ మంచి ఆయిలు?"

"నీళ్లు కలిశాయండీ."

"అంటే నేను పోశానంటారా?" అని గొంతు పెంచారు. అంతలోనే బల్ల మీద కూలబడ్డారు. "నారు ముదిరిపోతందండీ. అద్దెకి బండి దొరకట్లేదు. కౌలు చేను. ఈ సార్వా పోతే మళ్లీ నాకు చేనెవరిస్తారండీ?"

నా మనసు చివుక్కుమంది. షాపు మా ఆవిడకి అప్పగించి స్కూటరు మీద ఆయన ఊరు వెళ్లాను. అక్కడి మెకానిక్ అప్పటికే ఆయిల్ సీళ్లు కొత్తవి వేశాడు. గేరు రాడ్డు దగ్గర రబ్బరు తొడుగూ బాగానే ఉంది. నీళ్లెక్కణ్ణుంచి వస్తున్నాయో ఎంత వెతికినా అంతు చిక్కలేదు. లిఫ్టు లేవకపోయినా వీర్రాజు గారు సాయంత్రం దాకా ఇనప చక్రాలతో చేను తొక్కించారు. ఆ తర్వాత బండిని తిన్నగా కాలువ రేవులోకి దింపేశారు!

"ఆగండాగండి!" అని కేకేశాను.

"బురద కడగొద్దాండీ? రోజూ ఇంతే కదా. గేదెల్నీ ఇక్కడే కడుగుతాం."

పొద్దుటినుంచీ తిరిగి కాలిపోతున్న బండి చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదర్, అంటే గాలి ఆడే చిన్న రంధ్రం, కాలువ నీళ్లని లోపలికి పీల్చేస్తుంది. బండిని ముద్దుగా చూసుకునేవాళ్లే దాన్ని రోజూ ముంచుతారు, పాపం.

గట్టు మీద ఉన్న ఆయన భార్య మంగ గారు, "అయ్యబాబోయ్, మనమే పాడుచేసుకున్నామా!" అని తల పట్టుకున్నారు. ఆ వెంటనే నవ్వేసి, "రేపట్నుంచి బిందెలతో నేనే పోస్తాలెండి దొరగారికి స్నానం" అన్నారు.

మర్నాడు పాడైన ఆయిల్ అంతా దించాం. చవక ఆయిల్‌తో లోపలంతా కడిగించి, ఫిల్టరు శుభ్రం చేసి, మళ్లీ యూటీటీఓనే పోశాం. వీర్రాజు గారు లివరు లాగారు. లిఫ్టు మూలగకుండా నెమ్మదిగా లేచింది. ఆయన దాన్ని దింపుతూ, ఎత్తుతూ, ఇంకోసారి దింపుతూ కళ్లు తుడుచుకున్నారు. "నాట్లు పడతాయండీ" అని నాకు దణ్ణం పెట్టబోయారు.

నిజానికి దణ్ణం నేనే పెట్టాలి. రెండోసారి ఆయన నన్ను వదిలేసి వేరే షాపులో చిక్కటి ఆయిల్ కొనుక్కుంటే ఎవరు కాదంటారు? తిట్టడానికైనా నా దగ్గరికే వచ్చారు. డబ్బా మీద గ్రేడు చూసి అమ్మడమే వ్యాపారమనుకునే నాకు, బండి రోజంతా ఎలా బతుకుతుందో చూడాలని నేర్పింది ఆయనే. ఆ మేలు నేను మర్చిపోలేను.

పాత బండికి ఏ ఆయిలని ఎవరడిగినా ఇప్పుడు నేను ముందు, "ఎక్కడ కడుగుతారండీ?" అంటాను. నీకెందుకన్నట్టు చూస్తారు కొందరు. చూడనివ్వండి. ఆ మరుసటి ఏడు అదే కౌలు చేలో దమ్ము చేసింది వీర్రాజు గారే.