మోగని గంట

మా మేనమామ ఉద్యోగం గంట కొట్టడం. బడిలో కాదు, శాసనసభలో. సభ నడవాలంటే ఉండాల్సినంత మంది సభ్యులు లోపల లేకపోతే, మామయ్య గదిలో ఎర్రదీపం వెలుగుతుంది. ఆయన మీట నొక్కుతాడు. క్యాంటీన్లో, వరండాల్లో, ఆఖరికి మరుగుదొడ్లలో కూడా గంటలు మోగుతాయి. పెద్దపెద్దవాళ్లు మూతి తుడుచుకుంటూ పరుగెత్తుకొస్తారు. గంట మోగందే క్యాంటీన్ కుర్చీ వదలకపోవడం అక్కడ అందరికీ అలవాటు.

"మంత్రుల్ని పరిగెత్తించే మొనగాడివిరా" అని అమ్మ తమ్ముణ్ణి ఆటపట్టించేది. తల్లి పోతే ఆయన్ని చంకనేసుకుని పెంచింది అమ్మే. అత్త పోయాక మా మేడమీది గదే ఆయన ఇల్లు. కింద ముందుగదిలో అమ్మ కుట్టుమిషను. మా ముగ్గురికీ ఉన్నదల్లా ఆ గూడే.

మా వీధి కొట్టేసి రోడ్డు వెయ్యాలని మంత్రివర్గం ఆర్డినెన్సు తెచ్చింది, అదీ సభకు సెలవులున్నప్పుడు. సభ లేనప్పుడు మంత్రివర్గం తనంత తానుగా తెచ్చుకునే తాత్కాలిక చట్టమది. సభ మళ్లీ కూర్చున్నాక, గడువులోగా ఒప్పుకుంటేనే బతుకుతుంది. మా గోడమీద ఎర్రరంగు గుర్తు వేసిపోయారు. అమ్మ దానిమీద సున్నం కొట్టింది. మర్నాడు వచ్చి మళ్లీ వేశారు.

గడువు ఆఖరిరోజు పొద్దున మామయ్య చెప్పులేసుకుంటుంటే అమ్మ అడిగింది.

"నువ్వేమన్నా చెయ్యలేవురా?"

"నా చేతిలో ఏముందక్కా, గంట తప్ప" అని నవ్వబోయాడు. అమ్మ నవ్వలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆర్డినెన్సు మీద ఓటింగు. బెంచీలు సగానికి పైగా ఖాళీ. ఎర్రదీపం వెలిగింది. మామయ్య మీట మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. గంట లేకపోతే సభ్యులు రారు. సభ్యులు రాకపోతే ఓటింగు లేదు. సాయంత్రానికి గడువు దాటి ఆ పీడ దానంతటదే చస్తుంది. సర్వీసంతా ఒక్క గంటా తప్పించని మనిషి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. సభలోంచి మార్షల్ పరుగెత్తుకొస్తే "ఫ్యూజు పోయిందండీ" అన్నాడు. అందరినీ కేకేసి పిలిచేలోగా సభాపతి గడియారం చూసుకుని సభను మర్నాటికి వాయిదా వేశాడు.

ఇంటికొచ్చి ఆ ఫ్యూజును అమ్మ చేతిలో పెట్టాడు.

"చచ్చిందక్కా."

అమ్మ ఏడ్చింది, నవ్వింది, తమ్ముడి తల నిమిరింది. ఆ పూట మిషను ముట్టుకోలేదు. ఆ ఆనందం రాత్రి వార్తల దాకా కూడా నిలవలేదు. మంత్రివర్గం సలహాతో గవర్నరు సమావేశాలు ముగించేశారట. సభ లేదు కాబట్టి అదే ఆర్డినెన్సు మళ్లీ తెచ్చారట. టీవీలో వార్తలామె ఇంకా చదువుతూనే ఉంది, మామయ్య లేచి మేడమీదికి వెళ్లిపోయాడు.

మర్నాడు మా ప్రాంతపు సభ్యురాలు మా ఇంటికి వచ్చింది. అడిగింది మామయ్యనే.

"నిన్న గంటెందుకు మోగలేదండీ? మంత్రుల వైపు వాళ్లే కొందరు మాతో ఓటేస్తామన్నారు. క్యాంటీన్లో గంట కోసమే చూస్తూ కూర్చున్నాం. ఓటింగు జరిగుంటే అక్కడే ఓడిపోయేవాళ్లు. సభ కాదన్నదాన్ని మళ్లీ తేవడానికి వాళ్లకి మొహం చెల్లేది కాదు."

"గడువు దాటితే చాలనుకున్నానమ్మా" అన్నాడు మామయ్య, నేలచూపులు చూస్తూ.

"సభ నడుస్తున్నన్నాళ్లూ వాళ్లు సొంతంగా చట్టం తేలేరు. మనకున్న అడ్డుగోడ అదొక్కటే. వాళ్లకీ సభ అయిపోవడమే కావాలి."

"సభ మళ్లీ ఎప్పుడు పెడతారు?"

"పెట్టమని అడగాల్సింది కూడా వాళ్లేనండీ. నెలలు పట్టొచ్చు."

దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే. ఆ తాళాలిచ్చింది మా మామయ్యేనని తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. చట్టం చేసేవాళ్లు లేని పూట చూసి చట్టం చేసుకునేవాళ్ల మీద అంతకంటే మండింది. అమ్మ మాత్రం తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేదేమో. ఆయన అన్నం మానేశాడు. అమ్మ కంచం పెట్టి పిలిచినా మేడ దిగలేదు.

వీధి చివరికి ఇళ్లు కూల్చే యంత్రం వచ్చిన రోజు ఆయన కనపడలేదు. ఎక్కడుంటాడో నాకు తెలుసు. శాసనసభ కాపలావాడు మమ్మల్ని ఎరిగినవాడే, గేటు తీస్తూ "నువ్వన్నా చెప్పు బాబూ, నా మాట వినట్లేదు" అన్నాడు. లోపల గంటలన్నీ మోగుతున్నాయి. క్యాంటీన్లో కుర్చీలు బల్లలమీద బోర్లించి ఉన్నాయి. మామయ్య తన గదిలో, ఫ్యూజు మళ్లీ పెట్టి, మీట నొక్కిపట్టుకుని నిలబడ్డాడు.

"వస్తార్రా. గంట మోగితే రాకుండా ఎప్పుడూ లేరు."

"ఎవరూ లేరు మామయ్యా."

"కాసేపు చూద్దాం."

ఆయన వేళ్లు మీట మీంచి ఒక్కొక్కటే విడదీశాను. గంట ఆగిపోయింది. అప్పుడే అమ్మ ఫోను చేసింది. కుట్టుమిషను వీధిలోకి తెచ్చి పెట్టుకుందట.

"మామయ్యను తొందరగా తీసుకురా" అంది. "మన గుమ్మం ఇంకా ఉంది. ఒక్కసారి లోపలికొచ్చి చూసుకోమను."