తేలికగా ఉన్నదే తీసుకో, అత్తమ్మా!

మొన్న సద్దుల బతుకమ్మ నాడు నేను చేసిన ఘనకార్యం విన్నారా? వినే ఉంటారు లెండి. ముంబైలో మా కామాటిపుర గల్లీల నుంచి ఫోరస్ రోడ్ చివరిదాకా తెలియనివాళ్లు లేరు. అయినా నా నోటితో నేనే చెప్తే ఆ మజా వేరు. నవ్వుకోండి, పర్వాలేదు. నన్ను ఎన్నైనా అనండి. నా లాప్‌టాప్‌ని మాత్రం ఒక్క మాట అన్నా ఊరుకోను!

నా పని మీకు తెలుసు కదా. జాకెట్ల మీద వేసే జరీ వర్క్‌కి డిజైన్లు గీస్తాను. ఇదివరకు కాగితం మీద గీసేదాన్ని, ఇప్పుడు కంప్యూటర్‌లో. గీసినదాన్ని మోసుకుని నాగ్‌పాడాలో జరీ కార్ఖానాకి పోవాలి. అక్కడ ఉస్తాద్ చూసి "ఈ పువ్వు చిన్నగా చెయ్, ఆ తీగ కొంచెం వంచు" అంటే నిలబడ్డచోటే మార్చి చూపించాలి. ఇన్నాళ్లూ మా మరిది వాడి వదిలేసిన లాప్‌టాప్‌తో నెట్టుకొచ్చాను. అది లాప్‌టాప్ కాదండీ, రుబ్బురోలు! మేముండే చాళి, అదే వరస గదుల పాత మేడ, దాని మెట్లు చూశారుగా? మెట్లు అనడం మన మర్యాద, నిజానికి అది నిచ్చెన. ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో చీర ఎత్తిపట్టుకుని, భుజాన ఆ రుబ్బురోలు వేసుకుని రోజూ ఎక్కడం, దిగడం. భుజం ఒకవైపు వంగిపోయింది. నా జాకెట్లు నేనే ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి కుట్టుకోవాల్సిన గతి పట్టింది.

అందుకే ఈసారి నా కష్టార్జితంతో కొత్తది కొనాలని తీర్మానించుకున్నాను. షాపులో కుర్రాడు మొదలుపెట్టాడు. "మేడమ్, గేమింగ్ కరేంగే క్యా?"

"గేమింగా! ఒక్క గది ఖోలీలో అత్తమ్మ, ఆయన, ఇద్దరు పిల్లలు, ఒక కుట్టు మిషన్. దీన్ని మించిన గేమ్ ఉంటుందా బాబూ?" అన్నాను నా హిందీలో.

పెద్ద స్క్రీన్ తీసుకోమన్నాడు. వద్దన్నాను. బరువైతే ఇంట్లోనే వదిలేసి పోతాను, వదిలేసి పోయేదానికి అంత డబ్బు పొయ్యడం దేనికి? నాకు కావలసినవి గడగడా చెప్పేశాను. పువ్వు రేకుల్లో గీతలు కనపడేంత స్క్రీన్ చాలు. చార్జింగ్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగాలి, ఎందుకంటే మా ఇంట్లో ఉన్న ఒక్క ప్లగ్ కోసం మిక్సీ, ఇస్త్రీపెట్టె, అందరి ఫోన్లు కొట్టుకు చస్తుంటాయి. గది ముందు గ్యాలరీలో కూర్చుంటే ఎండకి స్క్రీన్ మెరవకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మోస్తున్నట్టు తెలియకూడదు.

కుర్రాడు కాగితం మీద బరువు చూపించబోయాడు. నేను నమ్మితేనా! ఒక్కొక్క లాప్‌టాప్‌నీ నా సంచిలో వేసుకుని, భుజాన తగిలించుకుని, షాపు మెట్లు ఎక్కి దిగాను. వాచ్‌మన్ నా వెనకాలే ఎక్కి, నా వెనకాలే దిగాడు పాపం. చివరికి ఒకటి వేసుకుని సగం మెట్లు ఎక్కాక, సంచిలో పెట్టానో లేదో అనుమానమొచ్చి ఆగి చూసుకున్నాను. ఇదే! ప్యాక్ చెయ్యమన్నాను.

ఇక చూస్కోండి నా దర్జా. చాళిలో ఎవరు ఎదురైతే వాళ్ల చేతుల్లో పెట్టడమే. "పట్టుకో, పట్టుకో! ఎంతుంది?" పక్క ఖోలీ పద్మక్క అటూ ఇటూ తిప్పి చూసి, "లోపట సామాన్ ఉన్నదా సుజాతా, ఖాలీ డబ్బా అంటగట్టిండా?" అంది. నాకది బిరుదు ఇచ్చినట్టే అనిపించింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగే మనిషినా? సరిగ్గా అప్పుడే ఒక పెద్ద పెళ్లి ఆర్డర్ వచ్చింది. పెళ్లికూతురికీ, వాళ్లింటి ఆడవాళ్లందరికీ జాకెట్ డిజైన్లు నావే. ఇంత పెద్ద పని నాకు దొరకడం ఇదే మొదటిసారి. బతుకమ్మ మర్నాడు పొద్దున్నే ఉస్తాద్‌కి డిజైన్లు అప్పజెప్పాలి. అన్నీ ఈ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఆ ఆర్డర్‌కి శాంపిల్‌గా వచ్చిన వెండి జరీ గుడ్డలో కొంచెం మిగిలితే దాంతో లాప్‌టాప్‌కి కవరు కుట్టాను. అడుగున అట్ట, పైన అట్ట, ముంబై వానకి తడవకుండా లోపల రెయిన్‌కోట్ గుడ్డ. నున్నగా, చదునుగా, తళతళలాడుతూ ఎంత ముద్దుగా కుదిరిందనుకున్నారు!

ఇంకా కాస్త గుడ్డ మిగిలింది. మా అత్తమ్మ యాదమ్మ ప్రతి ఏడూ బతుకమ్మని ఇత్తడి తాంబాలంలో పేరుస్తుంది. అది కిందికి దింపేసరికి నా ప్రాణం పోతుంది. ఆయన ఫర్నిచర్ కార్ఖానాలో పనిచేస్తారు కదా, "తేలికపాటి చెక్క ఒకటి తెండి, పళ్లెం బదులు వాడదాం" అన్నాను. తెచ్చారు. మిగిలిన వెండి గుడ్డ ఆయనకిచ్చి బిగించమన్నాను. ఆయనే మేకులు కొట్టి, గుడ్డ చుట్టి మంచం కింద పెట్టారు. నేను దాన్ని చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే ఈ కథే లేదు.

అంటే మంచం కింద పక్కపక్కనే రెండు ఉన్నాయన్నమాట. ఒకటి లాప్‌టాప్, ఒకటి చెక్క. రెంటికీ ఒకటే వెండి చీర!

పండుగ రోజు పాలమూరు నుంచి పనికొచ్చినవాళ్లు బస్సులో గునుగు, తంగేడు తెచ్చారు. నేను కింద గల్లీలో బంతిపూల దగ్గర బేరమాడుతున్నాను. పైన గ్యాలరీ నుంచి అత్తమ్మ కేకేసింది.

"సుజాతా! గీడ రెండున్నయే! పళ్లెం ఏది?"

నేను తలెత్తకుండానే జవాబిచ్చాను. "తేలికగ ఉన్నదే పళ్లెం అత్తమ్మా! బరువుగ ఉన్నది లాప్‌టాప్, దాన్ని ముట్టకు!"

నెలరోజులుగా తేలిక, తేలిక అని ఊరంతా దండోరా వేసిన నోరే ఇది! మిషన్ కదా, చెక్క కన్నా బరువే ఉంటుందని ఆ క్షణంలో నా బుర్రకి తోచింది. అత్తమ్మ రెండు చేతుల్లో రెండూ పట్టుకుని చూసింది. తేలికైనది తీసుకుంది. గుమ్మడాకులు పరిచి, గునుగు, తంగేడు, బంతి వరసలు వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మని పెట్టింది. నేను పైకి వచ్చేసరికి బతుకమ్మ తయారు. ఎంత అందంగా ఉందంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టాను. పోతూ పోతూ ఆయనకి చెప్పాను, "లాప్‌టాప్ చార్జింగ్ పెట్టండి, పొద్దున్నే నాగ్‌పాడా పోవాలి" అని.

బతుకమ్మని నెత్తిన పెట్టుకుని ఆ నిచ్చెన మెట్లు నేనే దిగాను. దూదిలా ఉంది! కింద అందరూ నోళ్లు తెరిచారు. "ఏందే, ఒంటిచేత్తో దించినవ్!" అంది పద్మక్క. "తెలివి ఉండాలె అక్కా" అన్నాను. నిజంగా అన్నాను! గల్లీలో బతుకమ్మలన్నీ మధ్యలో పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడాం. నా మొదటి పెద్ద ఆర్డర్ అక్కడ పూల కింద కూర్చుని ఉంది. నేను దాని చుట్టూ తిరుగుతూ పాడుతున్నాను!

అక్కడి నుంచి టాక్సీల్లో సముద్రం ఒడ్డుకి, చౌపాటీకి పోయాం. ఇంకా వెలుతురు ఉంది. పద్మక్క తన బతుకమ్మని నీళ్లలో వదిలి, ఖాళీ తాంబాలంతో పక్కకి జరిగింది. నేను పాదాలు తడిసేదాకా దిగాను. నడుం దగ్గర దోపుకున్న ఫోన్ మోగుతూనే ఉంది. నా రెండు చేతులూ బతుకమ్మ మీద ఉన్నాయి. పద్మక్కే ఫోన్ లాగి స్పీకర్ పెట్టింది.

"సుజాతా, చార్జింగ్ పెడ్దామంటే నీ లాప్‌టాప్‌కు తొర్రనే లేదు!" ఆయన గొంతు.

"కవరు తియ్యండి. పక్కకి ఉంటుంది."

"కవరు చింపిన. లోపట చెక్క ఉన్నది. నేను తెచ్చిన చెక్కనే. మెరైన్ ప్లై, అస్సల్ మాల్, నీళ్లల్ల ముంచినా ఏంగాదు. మరి లాప్‌టాప్ ఏది?"

నా కళ్లు నెమ్మదిగా నా చేతుల్లో ఉన్నదాని వైపు తిరిగాయి. పక్కన అత్తమ్మ, "ముంచు బిడ్డా, అల వస్తున్నది" అంది.

"ముంచొద్దూ!"

నా అరుపుకి పాట ఆగిపోయింది. భేల్‌పురీ వాడు కూడా ఇటు చూశాడు. విషయం చెప్పి లాప్‌టాప్ లాగబోయాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఏయ్! గుంజితే గౌరమ్మ కూలుతది. కూలనియ్య. గట్లని వాపస్ తీస్కపోతవా? అది గూడ చెయ్యరాదు."

అల వస్తోంది. నిజం చెప్తున్నా, ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ల తర్వాత దొరికిన పని, నా డబ్బుతో కొన్న వస్తువు, రెండూ పోయినట్టే అనుకున్నాను.

మా అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు ముంబైలో బిల్డింగులు లేచేచోట నెత్తిన సిమెంటు మాలు గమేళాలు, అదే తట్టలు, మోసిన మనిషి. చీర కుచ్చిళ్లు పైకి దోపింది. "పద్మా, నీ తాంబాలం గిట్ల ఆనిచ్చి పట్టు, సమానంగ. గా పక్కకున్న మీరిద్దరు ఆకులు పట్టుండ్రి, పూలు కాదు, ఆకులు! నేను 'ఆఁ' అంటేనే జరపాలె." మేస్త్రీ కూడా అంత గట్టిగా చెప్పడు. "ఆఁ!" బతుకమ్మ ఆకులతో సహా సర్రున తాంబాలంలోకి జరిగింది. గౌరమ్మ ఒక్కసారి ఊగింది. అత్తమ్మ బొటనవేలు అడ్డం పెట్టి నిలబెట్టింది. ఒక్క పువ్వు రాలితే ఒట్టు! మళ్లీ పాట అందుకున్నారు. బతుకమ్మ అల మీద నిలువుగా, మహారాణిలా తేలిపోయింది. అంత కంగారులోనూ మా అత్తమ్మని చూసి గర్వంతో నా గుండె పొంగిపోయింది.

తర్వాత లాప్‌టాప్‌ని నెత్తిమీద పెట్టుకుని ఇసుకలో ఒకటే పరుగు. ఒడ్డున కూర్చుని కవరు విప్పాను. పైన పసుపు, తడి, నలిగిన బంతిరేకులు. లోపల పొడి! బటన్ నొక్కి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి స్క్రీన్ మీద నా పెళ్లికూతురి జాకెట్ నవ్వుతోంది. ఎగిరి గంతేశాను. అంత పూల బరువు మోసింది, చుక్క నీరు లోపలికి పోనివ్వలేదు. ఎంపిక నాదండీ! కవరు కుట్టిందీ నేనే!

"తప్పెవరిదే?" అంది అత్తమ్మ, వెనకాలే వచ్చి ఆయాసపడుతూ. "తేలికదే పళ్లెమని నువ్వే గద చెప్తివి. రెండు చేతులల్ల రెండు పట్టి మరీ చూసిన."

"నాదే అత్తమ్మా. నూటికి నూరుపాళ్లు నాదే."

మర్నాడు పొద్దున్నే ఉస్తాద్‌కి డిజైన్లు చూపించాను. అన్నీ ఓకే చేసి ఆ రోజే పని మొదలుపెట్టించాడు. లాప్‌టాప్ ఎందుకు పసుపు వాసన వస్తోందని మాత్రం అడిగాడు. "పూజ చేశాను" అన్నాను. అబద్ధం కాదుగా!

ఇక అప్పటినుంచి నా పేరు మార్మోగిపోతోంది. నిన్న సాయంత్రం వెనక గల్లీ నుంచి ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది. "నీది మస్తు తేలికంట గద, నేను గూడ ఒకటి తీస్కుందామనుకుంటున్న, జెర చెప్పు" అంది. నేను పొంగిపోయాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, స్క్రీన్ ఎంతుండాలో, బ్యాటరీ ఎట్లా చూడాలో, ఏ అవసరానికి ఏది సరిపోతుందో విడమరిచి చెప్పాను. నాకు నేనే పెద్ద ఎక్స్‌పర్ట్‌లా కనిపించాను. ఆవిడ బుద్ధిగా అంతా విని, చాయ్ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి అడిగింది.

"అవన్ని సరే గని సుజాతా, దాని మీద పూలు ఎన్ని వరసలు ఆగుతయ్?"