పత్తర్‌గట్టి కార్డులు, అడిస్ అబాబా గడియారం

పత్తర్‌గట్టిలో మా పెళ్లికార్డుల దుకాణానికి వచ్చేవాళ్లెవరికీ ప్రేమ్‌రాజ్ అడిస్ అబాబాలో ఉంటాడని తెలియదు. కార్డులో అక్షరాలు పేర్చేది అతనే. 2006లో భార్య రూపకు ఆ ఇథియోపియా రాజధానిలో టీచరుద్యోగం వస్తే వెంట వెళ్లాడు. "ఆడికెల్లే కంప్యూటర్ల జేసి పంపుత సేఠ్" అన్నాడు. మా సేఠ్ బాలనర్సింహ ఒకటే షరతు పెట్టాడు: "నువ్వీడ లేవని గిరాకీకి తెలిసిందా, నౌకరీ ఖతం."

ప్రేమ్‌రాజ్ పరువంతా ఆ నౌకరీలోనే ఉంది. ఖాళీగా కూర్చుంటే అతనికి ముద్ద దిగదు. నేనేమో కాగితాలు కోసేవాణ్ని, పరాయి ఊరి సంగతులంటే చెవి కోసుకుంటాను. ఫోన్ చేసినప్పుడల్లా అక్కడేం తింటారు, వానలు పడతాయా అని అతని ప్రాణం తీసేవాణ్ని.

ఒకరోజు మాదన్నపేట నుంచి శ్రీహరిరావు గారు కూతురి పెళ్లికార్డులు తీసుకోవడానికి వచ్చారు. ఒకటి చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"మా లగ్నం ఉదయం తొమ్మిదింటికండీ. మూడని వేశారేమిటి?"

ప్రూఫ్ చూసింది సేఠే. తెల్లవారుజాము మూడింటి లగ్నాలు మనకేమన్నా కొత్తా? ఆయనకు అనుమానమే రాలేదు. ఇప్పుడు ఫోన్ కలిపి, కోపంలో స్పీకర్ నొక్కేశాడు.

"మూడెందుకేసినవ్‌రా?"

"సరిగనే ఏసిన గద సేఠ్. ఈడ పొద్దు పొడిసినప్పటికెల్లి గంటలు లెక్కవెడ్తరు. పొద్దుగాల తొమ్మిదంటే మూడే..." ప్రేమ్‌రాజ్ ఆగిపోయాడు. "అయ్యో, ఈడి లెక్క ఏసిన."

"ఈడ అంటే ఎక్కడండీ?" అన్నారు శ్రీహరిరావు గారు.

సేఠ్ స్పీకర్ ఆపబోయాడు. ఇక దాచేదేముందని నేనే చెప్పేశాను.

పెళ్లింటి పెద్దమనిషి మండిపడతాడనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని ఫోన్ ముందు కూర్చున్నారు. "అయితే మన పన్నెండు అక్కడ ఆరా? మరి రాత్రి సంగతేమిటి? బస్సులూ అంతేనా?" అని అడుగుతూనే ఉన్నారు. నాకు తట్టని ప్రశ్నలు! చివరికి సేఠ్ వైపు తిరిగారు.

"మా తాతగారి ఘడియలూ సూర్యోదయం నుంచేనండీ. ఈయన లెక్క తప్పలేదు, ఊరు తప్పింది. ఈయన చేతే దిద్దించండి."

నౌకరీ నిలిచింది. ఆ తర్వాత ప్రతి కార్డుకూ సేఠ్ ఫోన్ చేసి, "గిది ఏ ఊరి టైమ్‌రా?" అని అడిగేవాడు.

"మనూరిదే సేఠ్" అనేవాడు ప్రేమ్‌రాజ్.

రెండేళ్ల తర్వాత ఒకరోజూ అదే మాటన్నాడు. కార్డులో మళ్లీ తొమ్మిదికి బదులు మూడుంది. సేఠ్ ఈసారి తిట్టలేదు. ఫోన్ పెట్టేసి, "ఇగ వానికి గదే మనూరు" అంటూ తనే దిద్దుకున్నాడు.