తెర మీద నవ్వే ఫిట్టరు

పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో టైము బాబాయ్‌ని ఎరగనివాళ్ళు లేరు. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్ళారో చూసుకునే టైమాఫీసులో గుమాస్తా కాబట్టి టైము, అందరికంటే పెద్దవాడు కాబట్టి బాబాయ్. మనిషి వెన్నముద్ద. కానీ ఒక్కటే జబ్బు, రాసినదాన్ని చచ్చినా కొట్టెయ్యడు. చేరిన కొత్తలో పెద్ద గుమాస్తా నేర్పిన పాఠం అది. తప్పు పడితే కొత్త కాగితం మీద సరిగ్గా రాసి పైన పెట్టాలి, పాతది కింద అలాగే ఉండాలి. రేపు ఎవడైనా వచ్చి అడిగితే చూపించొద్దూ? ఆ పాఠాన్ని ఆయన ఇంటిదాకా మోసుకుపోయాడు. గోడమేకుకి ఏళ్ళనాటి కేలండర్లన్నీ ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటే వాళ్ళావిడ, "ఆ మేకు ఊడినరోజున అవి మీ నెత్తినే పడాలి గానీ నా నెత్తిన కాదు" అని తీరిక దొరికినప్పుడల్లా దీవిస్తుంటుంది.

అలాంటి మనిషికి తెర అప్పజెప్పారు, చూడండి వాళ్ళ తెలివి! గేటు దాటి లోపలికి నడిచే దారిలో, గోడకి పెద్ద టీవీ ఉంది. దానిమీద రోజంతా స్లైడ్లు తిరుగుతుంటాయి. ఏ షిఫ్టులో ఎవరు, ఇవాళ ఎవరి పుట్టినరోజు, యంత్రాల దగ్గర ఏం జాగ్రత్తలు పడాలి, ఇవీ. ఆఖరిది అయిపోగానే మళ్ళీ మొదటిది. మేనేజరు ఆ పని తీసుకొచ్చి బాబాయ్ మెడకి చుట్టాడు. అందులో ఒక్క అక్షరం మార్చాలన్నా నిచ్చెన ఎక్కి, టీవీ వెనకున్న కంప్యూటరు పెట్టె తాళం తీసి, ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి. బాబాయ్ మోకాళ్ళు ససేమిరా అన్నాక, కంప్యూటర్ల అమ్మాయి వచ్చి కొత్త ఏర్పాటు చేసిపెట్టింది.

"ఇకనుంచి మీ సీట్లోనే కూర్చుని మార్చుకోండి బాబాయ్. మార్చి ఈ ఫోల్డర్లో సేవ్ చెయ్యండి, చాలు. ఒక్కో చుట్టు అయ్యేసరికి తెరే వచ్చి కొత్తది పట్టుకుపోతుంది. నిచ్చెనకో దండం పెట్టెయ్యండి" అంది.

పన్లోపనిగా ఆయన దాచుకున్న పాత ఫైళ్ళన్నీ ఊడ్చిపారేసి, ఒక్కటే ఉంచింది. ఆరోజు బాబాయ్‌కి అన్నం సహించలేదు.

తర్వాత వారం ఒకరోజు పొద్దున్నే ఆయన గేటు దాటుతుంటే సెక్యూరిటీవాడు ఆపాడు.

"బాబాయ్, మన ఫిట్టరు భార్య ఇవాళే కదా ప్యాకింగులో చేరేది? కాసేపట్లో వచ్చేస్తుంది. మరి ఈయనగారు ఇక్కడ ఇలా నవ్వుతూ ఉంటే ఎట్లా?"

బాబాయ్ తలెత్తి చూశాడు. జాగ్రత్తల స్లైడు మీద హెల్మెట్ పెట్టుకుని, ముప్ఫైరెండు పళ్ళూ కనిపించేలా నవ్వుతున్నాడు ఫిట్టరు. 'తలకు హెల్మెట్, ఇంటికి ధీమా' అని కింద రాసుంది. ఆ మనిషి ఈమధ్యనే నిద్రలో గుండె ఆగి పోయాడు. పోయే వయసా అది? రోజూ ఆలస్యంగా వచ్చి, "నేను వచ్చింది టైముకే బాబాయ్, మీ గడియారానికే తొందరెక్కువ" అని ఎగతాళి చేసేవాడు. మొగుడు పనిచేసినచోటే పొట్టకూటికి వస్తున్న పిల్ల, గుమ్మంలోనే ఈ నవ్వు చూసి కుప్పకూలిపోతే? ఆ పాపం ఎవరిది? తెర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది!

పరుగులాంటి నడకతో సీట్లోకెళ్ళి ఆ స్లైడు తీసేశాడు. సేవ్ చేశాడు. వచ్చి తెర ముందు నిలబడ్డాడు. షిఫ్టులు వచ్చాయి, పుట్టినరోజులు వచ్చాయి, వాటి వెనకే ఫిట్టరూ వచ్చాడు, నవ్వుకుంటూ.

"ఇదేం విడ్డూరంరా నాయనా!"

మళ్ళీ లోపలికెళ్ళాడు. ఫైలు తెరిచి చూస్తే ఫిట్టరు లేడు. మరి తెర మీదున్నవాడెవడు? అనుమానం తీరక, ఆ చోట ఓ పూలగుత్తి బొమ్మ పెట్టి ఇంకోసారి సేవ్ చేశాడు. బయటికొచ్చాడు. పూలూ లేవు, గీలూ లేవు, ఫిట్టరే.

"మీరు తీసేస్తున్నది వేరే ఫిట్టర్నేమో బాబాయ్" అన్నాడు సెక్యూరిటీవాడు.

"నోర్ముయ్!"

"పోనీ టీవీ కట్టెయ్యండి."

"రిమోట్ ఉండి ఏడిస్తే కదా! నిచ్చెనేదీ?"

"రంగులవాళ్ళు పట్టుకుపోయారు."

బాబాయ్ మళ్ళీ సీట్లోకెళ్ళాడు. లోపల లేనివాడు బయట ఎలా ఉంటాడు? కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి మొదలుపెట్టాడు. ఈసారి సేవ్ మీద వేలు అదిమిపట్టి, గట్టిగా నొక్కితే వింటుందేమోనని కూడా చూశాడు. అదేమైనా కాలింగు బెల్లా? అయినా ఆ కంగారులో ఎవరికి తోస్తుంది? చివరికి కంప్యూటర్ల అమ్మాయికి ఫోను కొట్టాడు.

"ఏ పేరుతో సేవ్ చేశారు బాబాయ్?"

"మొదటిది 'తెర కొత్త'. రెండోది 'తెర సరికొత్త'. ఇప్పుడు చేసింది 'తెర ఇదే అసలు'."

అవతల నవ్వు ఆపుకుంటున్న గొంతు వినిపించింది. "దానికి 'తెర' అన్న ఒక్క పేరే చెప్పాను బాబాయ్. పాపం అది ప్రతి చుట్టూ బుద్ధిగా వచ్చి ఆ పాతదాన్నే పట్టుకుపోతోంది. మీరు పాతదాని మీదే సేవ్ చెయ్యాలి."

"పాతదాని మీదా? పాతది పోదూ?"

"పోవాలనే కదా మీ గోల!"

అదీ నిజమే. కానీ ఎంత నిజమైనా వేలు కదలాలి కదా! ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒకదాని మీద ఇంకోటి రాసిన పాపాన పోలేదు. కంప్యూటరు కూడా ఊరుకోకుండా అడిగింది, పాతది తుడిచేసి కొత్తది పెట్టమంటారా అని. ఆ పిల్ల వచ్చేస్తుందన్న భయం ఒక్కటే ఆయన చేత ఆ మీట నొక్కించింది.

బయటికొచ్చాడు. షిఫ్టులు. పుట్టినరోజులు. పూలగుత్తి. హమ్మయ్య! ఇంకో చుట్టు కూడా చూశాడు. పూలగుత్తే. ప్రాణం లేచొచ్చి, సెక్యూరిటీవాడి వైపు గర్వంగా తిరిగాడు. వాడు ఈయన్ని చూడటం లేదు, తల వంచుకుని నేలచూపులు చూస్తున్నాడు. వాడి పక్కన, భుజాన సంచీతో, తెర వైపే చూస్తూ నిలబడి ఉంది ఫిట్టరు భార్య.

"ఎంతసేపైందమ్మా వచ్చి?" అన్నాడు బాబాయ్.

"కాసేపైంది బాబాయ్‌గారూ. నేను వచ్చేసరికి అందులో మా ఆయన ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకుని." ఆమె కళ్ళు తెర మీంచి కదల్లేదు. ఏడవడం లేదు. ముఖం వెలిగిపోతోంది. "మా ఇంట్లో ఒక్క ఫొటోలోనూ నవ్వలేదండీ ఆ మనిషి. నాతో ఉన్నంతసేపూ నవ్వుతూనే ఉండేవాడు, కెమెరా చూస్తే మాత్రం బిగుసుకుపోయేవాడు. ఇందాక వచ్చింది అచ్చంగా ఆ నవ్వే. సరిగ్గా చూసేలోపే వెళ్ళిపోయింది. అన్నీ మళ్ళీ మళ్ళీ వస్తున్నాయిగా, అందుకని ఆగాను. మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

తను చేసింది మేలో, కీడో బాబాయ్‌కి అంతుబట్టలేదు. ఏడుస్తుందనుకున్న మనిషి ఏడవలేదు, ఆయనకేమో కళ్ళు మసకబారుతున్నాయి. తుడిచేశానమ్మా, ఇక రాడు అని చెప్పడానికి నాలిక తిరగలేదు.

"ఒక్క చుట్టు ఆగమ్మా" అనేశాడు.

ఆమె సరేనని తలూపి, సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, అక్కడే నిలబడింది.