ప ఫ బ భ మ

అవధానాల్లో నిరోష్ఠ్యం అని ఒక చిక్కు పెడతారు. పెదవులు కలవని అక్షరాలతోనే పద్యం చెప్పాలి. మా ఇంట్లో అది పొద్దున్నుంచి రాత్రిదాకా జరుగుతోంది. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరంతే.

మా ఆయన సూర్యప్రకాశరావు డబ్బింగ్ ఆర్టిస్టు. గొంతొక్కటే పెట్టుబడిగా గుడివాడ నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో ఈ రెండు గదుల వాటాలో దిగాడు. పెళ్ళికూతురి తండ్రులకీ, గుమాస్తాలకీ, విలన్ వెనక నిలబడి "సరే బాబూ" అనేవాళ్ళకీ ఆయన గొంతే. మొహం మాత్రం వీధి చివర కొట్టువాడికి కూడా తెలీదు. తెర మీద ఎంతటి నటుడున్నా ఆయన కళ్ళు చూడడు, పెదవులే చూస్తాడు. పరభాషా నటుడు నోరు మూసినచోట ప, ఫ, బ, భ, మల్లో ఏదో ఒకటి పడాలట. లేకపోతే అది డబ్బింగని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారట. కాఫీ తాగుతూ కూడా ఇదే పాఠం. నాకు విసుగొచ్చేది.

పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మూతి పడిపోయాయి. కాలు నెమ్మదిగా దారికొచ్చింది. మాటా వచ్చింది, కానీ పెదవులు కలవవు. అంటే సరిగ్గా ఆ అయిదక్షరాలే పోయాయి. నీళ్ళు అంటాడు, అన్నం అంటాడు, టీ అంటాడు. నా పేరే రాదు. మనోజ కాస్తా వనోజ అయింది. కొత్తకాపురంలో ఏమోయ్ అనకుండా పేరు పెట్టి పిలుస్తున్నాడని మా అత్తగారు మూతి ముడుచుకునేది. ఇప్పుడు ఆ ఏమోయ్ కూడా రాదు.

ఫిజియోథెరపీ చేయించడానికి మోతీనగర్ నుంచి జెరూష అనే అమ్మాయి స్కూటీ మీద వస్తుంది. జూబ్లీహిల్స్ బంగళాల్లో పెద్దమనుషుల్ని లేపి, కూర్చోబెట్టి, నడిపించి మా గుమ్మం ఎక్కేసరికి ఆ పిల్ల నడుమే ఎవరైనా పట్టాలన్నట్టుంటుంది. ముందు కాలూ చెయ్యీ అయ్యాక, ఐస్‌క్రీం పుల్ల తీసి ఆయన పెదవుల మధ్య పెడుతుంది.

"పళ్ళతో కాదంకుల్, పెదాలతో పట్టుకోండి. నేను లాగుతాను, వదలొద్దు."

ఆయన వదిలేస్తాడు. మళ్ళీ పెడుతుంది. నేను చొంగ తుడుస్తాను. మళ్ళీ పెడుతుంది. ఒక్కోరోజు ఆ పుల్ల విరిచి బయట పారేయాలనిపిస్తుంది నాకు. అలిసిపోయాను, దాచుకోవడమెందుకు.

అలా ఉండగా డబ్బింగ్ ఇన్‌ఛార్జి సుహాస్ పలకరిద్దామని ఫోన్ చేశాడు. ఈయన ఏదో చెప్పాడు. "ఏదీ సార్, మళ్ళీ చెప్పండి" అని అతను రెండుసార్లు చెప్పించుకున్నాడు. మర్నాడు మళ్ళీ చేశాడు.

"డైరెక్టరుగారు మీ గొంతే కావాలంటున్నారు సార్. తండ్రి పాత్ర, ఒక్క డైలాగే. వాట్సాప్‌లో పెడతాను."

"అమ్మాయి పెళ్ళి ఆపకండి బాబూ, నేను బాగానే ఉన్నాను." ఇదీ డైలాగు. మాట మాటకీ ఆ అక్షరాలే. అయినా ఈయన మొహం వెలిగిపోయింది. తనింకా మైకుకి పనికొస్తాడు, అది చాలు. ఇక అద్దం వదిలితే ఒట్టు. "అన్నాయి వెళ్ళి ఆవకండి వావూ." "వాగానే ఉన్నాను" అన్నప్పుడల్లా నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. వేలితో కింది పెదవిని పైకి నెట్టుకునేవాడు. "మైకు దగ్గర వేలు పెట్టనివ్వరంకుల్" అంది జెరూష. వేలు తీసేశాడు. ఓ రోజు ఆ పిల్ల ఎంత లాగినా పుల్ల రాలేదు.

డబ్బింగ్ థియేటర్‌కి నేనే తీసుకెళ్ళాను. మైకు ముందు కుర్చీ వేశారు. నేను గాజుతలుపు ఇవతల సుహాస్ పక్కన కూర్చున్నాను. తెర మీద మంచం, మంచంలో ఒక ముసలి నటుడు.

"అమ్మాయి పెళ్ళి ఆపకండి బాబూ, నేను బాగానే ఉన్నాను."

ఒక్క అక్షరం జారలేదు. నాకు ఒళ్ళు ఝల్లుమంది.

సుహాస్ నెత్తి గోక్కుని, లోపలికి వినిపించే మైకు నొక్కాడు. "బాగుంది సార్. కానీ అంత క్లియర్‌గా వద్దు. క్యారెక్టర్‌కి పక్షవాతం కదా. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడారు చూడండి, అచ్చం అలా కావాలి."

అప్పుడు చూశాను. తెర మీద ఆ ముసలాయన పెదవులు అసలు కలవడమే లేదు. జన్మంతా పెదవులు చూసిన మనిషి, ఆవేళ తన పెదవుల ధ్యాసలో పడి తెర మీది పెదవులు చూసుకోలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఇంటికి పోదాం రండి అని లేచాను. ఈయన ఎడమ చెయ్యెత్తి ఆగమన్నాడు. తెరవంక తిరిగి, ఈసారి పెదవులే చూస్తూ చెప్పాడు. "అన్నాయి వెళ్ళి ఆవకండి వావూ, నేను వాగానే ఉన్నాను."

"ఓకే సార్! సూపర్!"

బయటికొస్తూ సుహాస్‌ని అడిగాడు. "వొదటిది ఉంచారా?"

"అదెందుకు సార్, తీసేశాం."

ఆటో ఎక్కేసరికి అలసటకి ఈయన మూతి ఇంకా పక్కకి జారింది. చొంగ తుడిచాను.

"వనోజా."

"ఊఁ."

"రెండోది నటించాను."

ఆ అయిదక్షరాల్లో ఒక్కటీ లేని మాట. తడబడకుండా వచ్చింది.

"తెలుసండీ" అన్నాను. "మొదటిది నేను విన్నాగా."