బీగం వేసిన ఇంటికి పాట

ఆదోనిలో పెండ్లి బ్యాండు వాళ్లకు ఒకటే నియమం, పాట తెగకూడదు. ఊరేగింపు నడిబజారులో ఉండగా ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య కాస్త ఎడం వచ్చిందా, పెండ్లికొడుకు తరఫువాళ్లు మీదికొచ్చేస్తారు. "ఏమప్పా, నిద్రపోతాండారా?" అని ఒకటే కేకలు. అందుకే ఎవడు ఊపిరి తీసుకోవడానికి ఆగినా పక్కవాడు అందుకోవాల్సిందే. ఆ అందుకోవడంలో చోటే సాబ్‌ను మించినవాడు లేడు. క్లారినెట్టూ ఆయనే, పిల్లనగ్రోవీ ఆయనే. బ్యాండు పెద్ద గోవిందన్న, "చోటే ఉంటే నేను నిమ్మళంగా టీ తాగొచ్చు" అనేవాడు. పుట్టింది కోసిగి, స్థిరపడింది ఆదోని. నలుగురు మెచ్చుకుంటే లోపల ఉబ్బిపోయే మనిషి. అందులో దాచేదేముంది!

అలాంటివాణ్ణి వెతుక్కుంటూ మల్లేశ్వరి వచ్చింది. ఎమ్మిగనూరు నేతవాళ్ల పిల్ల. బెంగళూరులో సంగీతం టీచరుగా చేస్తూ అక్కడే హార్ప్ నేర్చుకుంది. అబ్బో, ఆ వాయిద్యం మనిషెత్తు ఉంటుంది, పైనుంచి కిందిదాకా తీగలే. చోటే సాబ్ భార్య ఫాతిమా బీ దాన్ని చూసి నోటిమీద చెయ్యేసుకుంది.

"మగ్గాన్ని నిలబెట్టినట్టుందే!"

"మా నాయన కూడా అదే అన్న్యాడత్తా" అని మల్లేశ్వరి నవ్వింది.

ఆమె అన్న బసవరాజు ఒక బొమ్మ వేశాడు. కోసిగిలో ఒక వీధి, ఎండ, వరసగా బీగాలు వేసిన తలుపులు, ఒక వేపచెట్టు. జనం లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోయినప్పుడు ఆ వీధి అచ్చం అట్లాగే ఉంటుంది. ఆ బొమ్మ చూసి మల్లేశ్వరి ఫ్లూటుకూ హార్పుకూ ఒక పాట కట్టింది. మాటలుండవు. హార్ప్ గాలి, ఫ్లూటు వేపచెట్టు మీది పిట్ట. మధ్యలో ఒకచోట రెండూ ఆగిపోతాయి.

"ఈడ ఏమీ వాయించొద్దు మామా" అంది. "లారీ పోయినాక వీధి ఎట్లుంటాదో అట్లుండాల. నేను తల ఊపినాక సన్నగా ఒక్క స్వరం. అంతే."

"ఓస్, వాయించకుండా ఉండేదానికి నేర్చుకునేదేముందమ్మా!" అన్నాడు చోటే సాబ్.

అదిగో, అక్కడే దెబ్బతిన్నాడు. సాధన చేసినన్నాళ్లూ పిట్ట పాట మీదే కిందా మీదా పడ్డాడు. ఆగే చోటు వస్తే "తెలుసులేమ్మా" అని దాటేసేవాడు.

కచేరీ ఎమ్మిగనూరులో, అదీ ఒక కల్యాణ మండపంలో. వేదిక వెనక బసవరాజు బొమ్మ వేలాడదీశారు. ముందు వరసలో కోసిగి నుంచి వచ్చిన ఉరుకుందమ్మ, ఆమె కొడుకు దేవేంద్ర కూర్చున్నారు. బొమ్మలో మొదటి తలుపు ఆ ముసలామెదే.

పాట చక్కగా సాగింది. పిట్ట పలికింది, గాలి వీచింది. ఆగే చోటు వచ్చింది. ఇద్దరూ ఆగారు. ఫ్యాన్ల చప్పుడు వినపడింది. ఎవరో దగ్గారు. వెనక నుంచి, "మర్సిపోయినాడేమో పాపం" అని ఒక గొణుగుడు. ఆ మాట చోటే సాబ్ చెవిన పడింది. ఆగిపోయాడంటారు, చేతగాలేదంటారు! మల్లేశ్వరి ఇంకా తల ఊపలేదు. ఈయన చేతులు ఈయన మాట వినలేదు. పిల్లనగ్రోవి పెదవులకు ఆనింది, పెండ్లికొడుకును మండపంలోకి తెచ్చేటప్పుడు వాయించే పాట జోరుగా అందుకుంది.

మండపం దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. మల్లేశ్వరి చేతులు తీగల మీదే ఉండిపోయాయి. కాసేపటికి ఆమె కూడా ఆ పెండ్లి పాటకే మెల్లగా తీగలు కలిపింది. ఆయన పరువు కాపాడటానికి తన పాటను తానే వదులుకుంది. అది అర్థమయ్యేసరికి చోటే సాబ్‌కు భూమిలోకి కుంగిపోదామా అనిపించింది.

కచేరీ చూడ్డానికొచ్చిన గోవిందన్న వేదిక ఎక్కి చోటే సాబ్‌ను కావలించుకున్నాడు. "పాట తెగకుండా కాపాడినావు పో!" మల్లేశ్వరి తీగలు తుడుస్తూ, తల ఎత్తకుండానే "పర్వాలేదులే మామా" అంది. తిట్టినా బాగుండేది. చివరికి ఉరుకుందమ్మ దగ్గరికొచ్చింది.

"మా ఇంటాయప్ప సచ్చిపోయినప్పుడు గూడ నాకు ఏడ్సేకి తీరలేదప్పా, అప్పటికే లారీ వచ్చి నిలబడె. ఈరోజు ఆ తలుపు సూస్తాంటే, మీరు ఆపినప్పుడు, ఏడుపు గొంతుకాడికి వచ్చినాది. అంతలోకే నువ్వు పెండ్లి పాట ఎత్తుకుంటివి. ఆడనే ఆగిపాయ."

కోపంతో అనలేదు. ఉన్నమాట చెప్పి కొడుకు వెంట వెళ్లిపోయింది.

ఆ తర్వాత చోటే సాబ్‌కు ముద్ద దిగలేదు. బజారులో ఎవరైనా "భలే వాయించినావన్నా" అంటే తల దించుకుని సందులోకి తిరిగేవాడు. "సిగ్గుతో సస్తాండా ఫాతిమా" అన్నాడు భార్యతో. "ఆ ముసలామె ఏడుపు నేను ఎత్తుకొచ్చినా."

"అయితే పోయి ఇచ్చిరా" అంది ఫాతిమా బీ.

వలస లారీ బయలుదేరే పొద్దున ఆయన కోసిగి వెళ్లాడు. దేవేంద్ర మూటలు ఎక్కిస్తున్నాడు. చోటే సాబ్ ఎవరినీ పలకరించకుండా వేపచెట్టు కింద నిలబడి పిట్ట పాట వాయించాడు. ఆగే చోటు వచ్చింది. పిల్లనగ్రోవి దించాడు. మూటలు మోసేవాళ్లు కూడా నిలబడిపోయారు. ఉరుకుందమ్మ తలుపు దగ్గరికి లాగి బీగం వేసింది. ఆ చప్పుడు వీధంతా వినపడింది. ఆమె గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు.

చాలాసేపటికి ఆమె లేచి ముఖం తుడుచుకుంది. లారీ ఎక్కి, పైనుంచి కేకేసింది.

"సాల్లేప్పా ఇంక! ఆ పెండ్లి పాట వాయించు, నగుతా పోతాము."

చోటే సాబ్ పిల్లనగ్రోవి ఎత్తాడు. నిద్రలో లేపి అడిగినా పలికించే పాట అది. ఆమె ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది, ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ఊదాడు, మళ్లీ గాలే. లారీ కదిలింది. ఉరుకుందమ్మ చెయ్యి చెవికి ఆనించుకుని, మలుపు తిరిగేదాకా ఆయన వైపే చూస్తూ పోయింది. ఆ రోజు వద్దన్నచోట వాయించాడు, ఈ రోజు నోరు తెరిచి అడిగితే వాయించలేకపోయాడు.