సమీప నివాసాలు: లేవు

పొద్దున్నే పులివెందులలోని నా గది కిటికీలోంచి ప్లాస్టిక్ కాలిన వాసన కొట్టింది. వీధి చివర ఎవరో చెత్త అంటించారు. ఆ వాసన తగిలిన రోజు నాకు కాఫీ దిగదు. ఖాదర్ సారు గుర్తొస్తారు. నేను గుమాస్తాగా చేరిన మునిసిపాలిటీలో ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఏ మునిసిపాలిటీయో చెప్పను. చెప్తే మిగతా ఊళ్ళవాళ్ళు తమది కాదని సంబరపడతారు.

ఊరి చెత్త ఎక్కడికి పంపాలో తేల్చేది కౌన్సిల్. ముందుగా ఆ చోటు చూసి నివేదిక రాయాల్సింది సారు. ఆయనకొక పట్టింపు ఉండేది. చెత్త పోయబోయే చోట నీళ్ళు తాగితే గాని కలం తీసేవారు కాదు. మేమంతా చాటున "నీళ్ళ ఇన్‌స్పెక్టరు" అని నవ్వుకునేవాళ్ళం. ఒకసారి ముద్దనూరు వైపు, వంక పక్కన పోరంబోకు చూడడానికి నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్ళ కొట్టాలు కొన్ని, ఒక చేతిపంపు ఉన్నాయి. నాగమ్మ అనే పెద్దావిడ చెంబుతో నీళ్ళిచ్చింది. సారు గటగటా తాగి, "శానా తియ్యగుండాయి కదమ్మా" అన్నారు. "మాకుండే ఆస్తి అదొక్కటే సారూ" అందామె. తిరుగుదారిలో నేను, "సార్, ఆ కొట్టాలకు డోర్ నంబర్లు లేవు. మన రికార్డు ప్రకారం అవి ఇండ్లే కావు" అన్నాను. పెద్ద తెలివైన మాట అనుకున్నాను. ఆయన స్కూటర్ ఆపేశారు.

"చెత్త యాడికీ పోదప్పా. ఒకరి వాకిట్లో ఎత్తి ఇంకొకరి వాకిట్లో పోస్తాండాం, అంతే. ఆ వాకిలే లేదని రాస్తే ఎట్ల?"

నివేదిక ఫారంలో "సమీప నివాసాలు" అన్న గడిలో ఆయన "ఉన్నాయి" అని రాశారు. ఇంకో స్థలం ఉంది గాని, దాని పక్కన కౌన్సిల్ పెద్దమనిషి ఒకాయన ప్లాట్లు వేసి ఉన్నాడు. "ఆ ఒక్క మాట మార్చు సారూ" అని మర్యాదగానే అడిగాడు. "ఆడ నీళ్ళు తాగొచ్చినా గదన్నా, ఎట్ల మార్చేది?" అన్నారు సారు. నెల తిరక్కముందే ఆయనకు బదిలీ అయింది. అదే స్థలానికి కొత్త ఫారం నా బల్ల మీదికొచ్చింది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. "లేవు" అని రాశాను. రెండక్షరాలే కదా. కొత్త ఇన్‌స్పెక్టరు చదవకుండానే సంతకం పెట్టాడు, కౌన్సిల్ బల్లలు చరిచి ఆమోదించింది.

ఏళ్ళ తర్వాత సారు కమలాపురంలో చనిపోయారు. ఆయన మట్టికి వెళ్ళి తిరిగొస్తూ, మనసాగక ఆ వంక దగ్గరికి పోయాను. చెత్త గుట్టలు పొగలు కక్కుతున్నాయి. కొట్టాలు రెండే మిగిలాయి. దాహమేసి చేతిపంపు మీద చెయ్యి వేశానో లేదో, నాగమ్మ గబగబా వచ్చింది. "అవి తాగొద్దు నాయనా, గొర్రెలు గూడా ముట్టవు. మేం కొనుక్కుంటాండాం" అని క్యానులోంచి చెంబు నింపి ఇచ్చింది. "మీ సారు బాగుండాడా?" అని అడిగింది. బాగున్నారని అబద్ధమాడాను.

"ఈడ ఇండ్లే లేవని రాసినారంట నాయనా. రాసినోనికి కండ్లు లేవేమో, పాపం."

ఆ నీళ్ళు తాగాను. రాసింది నేనేనని చెప్పలేకపోయాను. ఇప్పుడు తనిఖీలు నా వంతయ్యాయి; ఎక్కడికి వెళ్ళినా ముందు అక్కడి నీళ్ళు తాగుతాను. కొత్త గుమాస్తాలు చాటున నవ్వుకుంటారు, నవ్వనీ. నాగమ్మ ఆ రోజు జాలిపడే "పాపం" అంది. నాకు మాత్రం ఆ మాట దాని రెండో అర్థంలోనే వినబడింది. ఇప్పటికీ అలాగే వినబడుతోంది.